పేదరికపు మాటపట్టు, పేద నిర్మాణం: మఠకన్యల జీవితచరిత్ర చిత్రాలలో కాలచిత్రణ

ఉపోద్ఘాతం

గతకాలాన్ని తెరపైకి తేవడం ఖర్చుతో కూడిన పని. ఆనాటి వీధి, ఇల్లు, దుస్తులు, వాహనాలు, జనసమ్మర్దం అన్నింటినీ మళ్లీ నిర్మించాలి. లేదా ఉన్నవాటిలోంచి నేటి గుర్తులను చెరిపివేయాలి. అందువల్ల చారిత్రక చలనచిత్రాన్ని విలువ కట్టేటప్పుడు విమర్శ కూడా తెలియకుండానే నిర్మాణవ్యయాన్ని కొలమానంగా స్వీకరిస్తుంది. భారీతనం ప్రశంసగా, వెలితి దోషంగా మారుతాయి. తక్కువ డబ్బుతో తీసిన చారిత్రక చిత్రానికి దక్కే ఉత్తమమైన మెప్పు, ఆ తక్కువతనం కనబడలేదన్నదే.

ఈ కొలమానం అన్ని ఇతివృత్తాలకూ సరిపోతుందా అన్న ప్రశ్న కథోలిక మఠకన్యల జీవితాలను తెరకెక్కించిన చిత్రాల దగ్గర బలంగా ఎదురవుతుంది. మఠకన్య జీవితం పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టుల మీద నిలిచినది. వదులుకోవడమే నియమమైన జీవితాన్ని సమకూర్చుకోవడమే నియమమైన నిర్మాణపద్ధతి ఎలా చూపగలదు? ఆ మఠకన్య తన కాలంలో ఎవరూ నడవని దారి తొక్కినదైతే ప్రశ్న మరింత జటిలమవుతుంది. త్యాగంతోపాటు ఆమె ఏ అడ్డును దాటిందో కూడా చూపవలసి ఉంటుంది.

అలేన్ కవలియే దర్శకత్వం వహించిన ఫ్రెంచి చిత్రం 'తెరేజ్' (1986), మార్గరెటె ఫాన్ ట్రోటా జర్మన్ చిత్రం 'విజన్' (2009) ఈ వ్యాసానికి ఆధారాలు. ఆ పరిశీలనలో తేలిన అంశాలను గుంటూరులో వైద్యసేవ చేసిన మఠకన్య డాక్టర్ మేరీ గ్లోరీ జీవితానికి అన్వయించి చూడడం దీని చివరి భాగం. పరిమిత వ్యయం దర్శకుణ్ణి ఒక ఎంపికకు బలవంతపెడుతుంది. గతకాలంలో దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి? ఆ మఠకన్య దేనిలో మార్గదర్శకురాలో తేల్చుకొన్నప్పుడే ఈ ఎంపిక ఔచిత్యవంతమవుతుందన్నది ఇక్కడి ప్రతిపాదన.

ఆహార్యమూ కక్ష్యావిభాగమూ

భారతీయ నాట్యచింతనలో ఈ చర్చకు పనికివచ్చే పరిభాష ఉంది. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, సాత్వికం, ఆహార్యం అని నాలుగు విధాలుగా విభజించింది. వేషభూషలు, రంగోపకరణాలు ఆహార్యం కిందికి వస్తాయి. ఈ నాలుగింటిలో ప్రధానంగా డబ్బుతో పెరిగేది ఆహార్యమే. తక్కినవి నటుల సాధన మీద, రచయిత పరిశ్రమ మీద ఆధారపడతాయి.

స్థలాన్ని సూచించడానికి నాట్యశాస్త్రం చెప్పిన కక్ష్యావిభాగం కూడా గమనార్హం. రంగస్థలాన్ని భాగాలుగా భావించి, పాత్ర ఒక చుట్టు తిరిగితే స్థలం మారినట్లు ప్రేక్షకులు గ్రహిస్తారు. నగరం, అడవి, అంతఃపురం కట్టి చూపనక్కరలేదు. మన వీధినాటకాలు, యక్షగానాలు కూడా ఖాళీ స్థలాన్ని మాటతో, నడకతో లోకంగా మార్చిన ప్రక్రియలే. రంగస్థలం మీద ఖాళీ లోపం కాదు, ప్రేక్షకుడితో కుదుర్చుకొన్న ఒప్పందం. సినిమా వాస్తవాన్ని యథాతథంగా పట్టే యంత్రం కనుక అక్కడ ఈ ఒప్పందం చెల్లదన్నది సాధారణాభిప్రాయం. 'తెరేజ్' ఆ అభిప్రాయాన్ని పరీక్షకు పెట్టిన చిత్రం.

'తెరేజ్': గోడలు లేని మఠం

తెలుగు కథోలికులు చిన్న తెరేజమ్మగా పిలుచుకొనే లిజియూ తెరేజ్ 1873లో ఫ్రాన్సులోని అలాన్సోన్‌లో జన్మించింది. పదిహేనవ ఏట, 1888 ఏప్రిల్‌లో, లిజియూలోని కార్మెల్ మఠంలో చేరి, 1897 సెప్టెంబరు 30న క్షయవ్యాధితో మరణించింది. అప్పటికి ఆమె వయస్సు 24 సంవత్సరాలు. మరుసటి సంవత్సరం 'ఒక ఆత్మకథ' అన్న అర్థమిచ్చే శీర్షికతో ఆమె రాతలు వెలువడ్డాయి. 1925లో పునీతురాలిగా, 1997లో శ్రీసభ పండితురాలిగా ఆమెను ప్రకటించారు. ఆ పట్టం పొందిన స్త్రీలలో ఆమె మూడవది. గొప్ప తపస్సులు, కార్యాలు కాక దైనందిన జీవితంలోని చిన్న పనులే సాధనమార్గమని చెప్పడం ఆమె విశిష్టత. ఆమె ఏ సంస్థనూ స్థాపించలేదు, మఠం చేరాక బయటి లోకంలో తిరగలేదు. ఆమె తెరిచిన దారి పూర్తిగా అంతరంగానికి సంబంధించినది.

కవలియే ఈ జీవితాన్ని స్టూడియోలో, దాదాపు ఒకే బూడిదరంగు నేపథ్యం ముందు చిత్రించాడు. చిత్రంలో మఠపు గోడలు లేవు, వీధి లేదు, ఆకాశం లేదు. మంచం, బల్ల, పాత్ర, బట్ట వంటి కొద్ది వస్తువులు, వాటి మధ్య మనుషులు కనిపిస్తారు. చిన్నచిన్న దృశ్యాలు ఒక్కొక్కటిగా చీకటిలో కలిసిపోతాయి. ఫిలిప్ రూస్లో ఛాయాగ్రహణంలో వెలుగు ముఖాల మీద, చేతుల మీద, గుడ్డ మడతల మీద నిలుస్తుంది. తెరేజ్‌గా నటించిన కాత్రిన్ మూషే నవ్వులో చిన్నపిల్ల చిలిపితనమూ మొండితనమూ కలిసి ఉంటాయి. 1986 కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతిని, మరుసటి సంవత్సరం ఉత్తమ చిత్రంతో సహా ఆరు సీజర్ పురస్కారాలను ఈ చిత్రం అందుకొంది.

అదే 1986లో మఠజీవితాన్ని చిత్రించిన మరో చారిత్రక చిత్రం 'ద నేమ్ ఆఫ్ ద రోజ్' విడుదలైంది. దాని బహిర్దృశ్యాల కోసం రోమ్ సమీపంలో బ్రహ్మాండమైన మఠాన్ని కట్టారు. ఆ మఠం ప్రేక్షకుడిని ఆకట్టుకొంటుంది, భయపెడుతుంది, దారి తప్పిస్తుంది. రహస్యాన్వేషణ కథకు అది ఉచితమే. తెరేజ్ కథకు అదే మఠాన్ని ఇచ్చి ఉంటే ప్రేక్షకుడు రాతిని చూసేవాడు కాని ఆమెను చూసేవాడు కాదు. దీనికి ముందే కార్ల్ డ్రెయర్ 'జోన్ ఆఫ్ ఆర్క్' మూకీ చిత్రంలో (1928) భారీ వ్యయంతో కట్టించిన కోటను తెరమీద చాలా కొద్దిగా చూపి, ముఖాలకే ప్రాధాన్యమిచ్చాడు. డ్రెయర్ కట్టి వదిలేసినదాన్ని కవలియే కట్టకుండానే వదిలేశాడని చెప్పవచ్చు.

అయితే ఈ బోసితనాన్ని పొదుపుగానో శైలిగానో మాత్రమే చూడడం చాలదు. దానికి తెరేజ్ చరిత్రలోనే ఒక హేతువు ఉంది. ఆమె మరణానంతరం రాతప్రతులను అక్క పౌలీన్ విస్తృతంగా దిద్ది ప్రచురించింది. మూలప్రతులు యథాతథంగా వెలుగు చూడడానికి 1956 దాకా ఆగవలసి వచ్చింది. మరో అక్క సెలీన్ 1894లో మఠంలో చేరుతూ కెమెరా వెంట తెచ్చింది. తెరేజ్ ఛాయాచిత్రాలలో ఎక్కువ భాగం ఆమె తీసినవే. లోకమంతా వ్యాపించినవి మాత్రం ఆ ఛాయాచిత్రాలు కావు. వాటి ఆధారంగా మెరుగులు దిద్దిన రూపాలు. అసలు ఛాయాచిత్రాల సంపుటం 1961లో గాని రాలేదు. తెరేజ్ చుట్టూ దశాబ్దాలపాటు పేరుకొన్నది అలంకారమే కనుక, ఆమె మీద తీసే చిత్రం చేయగల మొదటి విమర్శనాత్మకమైన పని అలంకారాన్ని తీసివేయడం. కవలియే నేపథ్యంలోని ఖాళీ దిద్దుబాట్లకు ఎదురుగా నిలిచిన నిరాకరణ.

తెరేజ్ స్వయంగా తక్కువ వనరులతో చారిత్రక నాటకం ఆడిన వ్యక్తి కావడం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. మఠంలోని విరామవేళల కోసం ఆమె ఎనిమిది నాటికలు రాసింది. వాటిలో రెండు జోన్ ఆఫ్ ఆర్క్ గురించినవి. 1895లో జోన్ వేషంలో సెలీన్ తీసిన ఛాయాచిత్రాలు నేటికీ ఉన్నాయి. మఠవస్త్రం మీదనే పెట్టుడు జుట్టు, చేతిలో కత్తి, జెండా కనిపిస్తాయి. ఆ ప్రదర్శనలో చితి దృశ్యం కోసం వాడిన స్పిరిట్ దీపాల వల్ల నిజంగానే నిప్పు అంటుకొని ఆమె ప్రమాదం తప్పించుకొంది. అయిదు శతాబ్దాల నాటి యోధురాలు కావడానికి తెరేజ్‌కు ఇంతకన్న ఎక్కువ ఆహార్యం అవసరం కాలేదు. కవలియే పద్ధతికి పూర్వరూపం ఆ మఠంలోనే ఉంది.

ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి ఫ్రాన్సులో గణతంత్రప్రభుత్వానికీ శ్రీసభకూ మధ్య సాగిన సంఘర్షణ ఈ చిత్రపు బూడిదరంగులో పూర్తిగా మాయమైంది. తెరేజ్ తరం యువతులు అంతమంది మఠాలవైపు ఎందుకు నడిచారన్నది చిత్రం అడగని ప్రశ్న. లూసీ అనే యువ సోదరి మఠం విడిచి పారిపోయే ఘట్టంలో మాత్రమే ఈ జీవితానికి మరో వైపు ఉన్నదన్న స్పృహ కలుగుతుంది. పారిపోయిన లూసీ ఎక్కడికి వెళ్లిందో చూపడానికి ఆ చిత్రంలో బయలు అనేది లేదు. అంతరంగమే రంగమైన తెరేజ్ విషయంలో ఈ నష్టాన్ని భరించవచ్చు. అందరి విషయంలోనూ భరించలేము.

'విజన్': అరువు తెచ్చుకొన్న రాయి

బింగెన్ హిల్డెగార్డ్ (1098–1179) జీవితం దీనికి భిన్నమైనది. ఆమె దర్శనాలను గ్రంథస్థం చేసింది, సంగీతం కూర్చింది, ఓషధుల గురించి, శరీరధర్మాల గురించి రాసింది. పురుషమఠాధిపతి అధీనంలోని డిసిబోడెన్‌బెర్గ్ నుండి తన సోదరీమణులను తీసుకొని 1150 ప్రాంతంలో రూపెర్ట్స్‌బెర్గ్‌లో స్వతంత్ర మఠాన్ని నెలకొల్పింది. మఠాధిపతి కూనో ఆ తరలింపును వ్యతిరేకించాడు. సోదరీమణులు తెచ్చిన కట్నాల ఆస్తులు ఎవరికి చెందాలన్న వివాదం కూడా నడిచింది. అందుచేత హిల్డెగార్డ్ కథలో గోడలు అలంకారం కావు, ఇతివృత్తం. ఒక గోడ నుండి బయటపడి మరొక గోడ కట్టుకోవడమే అక్కడి కార్యం. ఈ కథను బూడిదరంగు తెర ముందు చెబితే సంఘర్షణకు ఆధారమే ఉండదు.

ఫాన్ ట్రోటా నిర్మాణం 'తెరేజ్' అంత నిరాడంబరమైనది కాకపోయినా, పన్నెండవ శతాబ్దిని కొత్తగా కట్టే స్థాయిది కాదు. డిసిబోడెన్‌బెర్గ్ నేడు శిథిలం. అందువల్ల దర్శకురాలు చెక్కుచెదరకుండా మిగిలిన ఎబెర్‌బాఖ్, మౌల్‌బ్రాన్ మఠాలలో చిత్రీకరణ జరిపింది. అరువు తెచ్చుకొన్న ఆ రాయి ఖర్చు తగ్గించడంతోపాటు అర్థాన్నీ సమకూర్చింది. చలి, ప్రతిధ్వని, ఇరుకైన కిటికీలోంచి పడే కొద్దిపాటి వెలుగు ఆ గోడల సహజగుణాలు. వాటి మధ్య బార్బరా సుకోవా పోషించిన హిల్డెగార్డ్ తల ఎత్తి నిలబడితే, ఆమె ఎదిరిస్తున్నది ఒక వ్యక్తిని కాదు, ఒక కట్టడాన్ని అని తెలుస్తుంది.

చిత్రం బలహీనపడేది ధనలోపం వల్ల కాదు, ఎంపికలో తడబాటు వల్ల. దర్శనాలు, వైద్యం, సంగీతం, రిఖార్డిస్ మీద అనురాగం, పోపు ఆమోదం, మఠస్థాపన అన్నింటినీ రెండు గంటల లోపు చెప్పాలన్న ఆత్రంలో ఘట్టాలు ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. ఖరీదైన చిత్రం ఈ తొందరను దృశ్యవైభవంతో కప్పిపుచ్చగలదు. పరిమిత వ్యయంతో తీసినదానికి ఆ ముసుగు లేదు. హిల్డెగార్డ్ అనుమతి కోసం పోరాడే దృశ్యాలలో చిత్రం బిగువుగా ఉంటుంది. ఆమె బహుముఖప్రజ్ఞను జాబితాగా చూపే దృశ్యాలలో పలుచబడుతుంది. ఆమె మార్గదర్శకత్వం ప్రధానంగా స్వాతంత్ర్యసాధనలో ఉందా, జ్ఞానసృష్టిలో ఉందా అన్నది నిర్ణయించుకోకపోవడమే దీనికి మూలం.

ఈ రెండు చిత్రాల తులనలో తేలేది ఇది. చారిత్రక చిత్రంలో కాలం అంటే వస్తుసముదాయం కాదు. ఆ కాలంలో ఒక స్త్రీ ఏమి చేయకూడదో, ఆ నిషేధాన్ని సడలించే అధికారం ఎవరి చేతిలో ఉందో, అదే కాలం. పదిహేనవ ఏట మఠంలో చేరడానికి తెరేజ్ 1887లో రోమ్ దాకా వెళ్లి 13వ లియో పోపును వేడుకొంది. మఠం మార్చుకోవడానికి హిల్డెగార్డ్ మఠాధిపతితో తలపడింది. రెండు చిత్రాలలోనూ గతం నిజంగా గతంలా తోచేది ఈ అనుమతుల దగ్గరే. దుస్తులు తప్పినా సవరించుకోవచ్చు. నిషేధపు బరువు తెలియకపోతే మార్గదర్శకురాలు నేటి మనిషిలా, ఆమె విజయం తేలికైనదిగా కనిపిస్తుంది.

గుంటూరు అన్వయం: మేరీ గ్లోరీ

ఈ నిర్ధారణకు తెలుగునేలతో ప్రత్యక్షసంబంధం గల ఒక జీవితం గీటురాయి కాగలదు. మేరీ గ్లోరీ 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించి, 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందింది. పురుషవైద్యులకు చూపించుకోలేని భారతీయ స్త్రీల కోసం రావల్పిండిలో ఆసుపత్రి ఏర్పాటు చేయించిన స్కాట్లండు వైద్యురాలు ఆగ్నెస్ మెక్లారెన్ గురించిన చిన్న పుస్తకాన్ని 1915లో చదివి, భారతదేశానికి రావాలని నిశ్చయించుకొంది. 1920లో గుంటూరు చేరి జీసస్ మేరీ జోసెఫ్ సభలో చేరింది. మఠకన్యలు వైద్యవృత్తి నిర్వహించడానికి ఆనాటి శ్రీసభ నియమాలు అంగీకరించేవి కావు. పోపు ప్రత్యేక అనుమతితో ఆమె మఠకన్యగా ఉంటూనే వైద్యురాలిగా పనిచేసింది. ప్రసూతివైద్యంతో సహా ఆ పనికి మఠకన్యలందరికీ దారి తెరిచిన ఆదేశం 1936లో గాని రాలేదు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించిన ఆమె 1957లో బెంగళూరులో మరణించింది.

ఈ జీవితాన్ని పరిమిత వ్యయంతో సినిమాగా ఊహిస్తే మొదట ఎదురయ్యేది మన భక్తచిత్రాల వారసత్వం. 'త్యాగయ్య' (1946), 'యోగి వేమన' (1947) మొదలుకొని 'కథానాయిక మొల్ల' (1970) వరకు సంతులు, కవుల జీవితాలను తెలుగు సినిమా పాటతో, నాటకీయమైన మలుపులతో నడిపింది. ఆ సంప్రదాయం ఇచ్చిన సాత్వికాభినయం గొప్పది. అందులోని మహిమలు, ఆకస్మిక పరివర్తనలు మాత్రం గ్లోరీ కథకు పనికిరావు. ఆమె చేసినది రోజూ రోగులను చూడడం. రోజూ జరిగే పనిని అద్భుతంగా మార్చితే అబద్ధమవుతుంది, మార్చకపోతే కథ నడవదన్న భయం కలుగుతుంది. ఇక్కడ తెరేజ్ చిన్న మార్గం, కవలియే చిన్న దృశ్యం దారి చూపగలవు.

కాని కవలియే పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకోవడంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. నేపథ్యాన్ని తుడిచివేసి ఒకే ముఖం మీద వెలుగు నిలిపితే, గుంటూరు సందర్భంలో ఆ ముఖం తెల్లజాతి వైద్యురాలిది అవుతుంది. తుడిచివేతకు గురయ్యేది తెలుగు స్త్రీ. లిజియూలో ఖాళీ వినయానికి గుర్తు. గుంటూరులో అదే ఖాళీ వలసపాలన చూపుకు కొనసాగింపు కావచ్చు. రోగులు పేరులేని వరుసగా, మాటలేని చేతులుగా మిగిలిపోతారు. డబ్బులేమి వల్ల చిన్నపాత్రలను తగ్గించుకొన్నామన్న సమాధానం ఇక్కడ చెల్లదు. ఏ పాత్రను తగ్గించాలన్నది లెక్కల వ్యవహారంగా కనబడినా, అది నైతిక నిర్ణయం.

దీనికి పరిష్కారం ఆహార్యంలో కాక వాచికంలో ఉంది. 1920ల గుంటూరును కట్టడానికి చాలా ధనం కావాలి; 1920ల గుంటూరు మాటను పలికించడానికి పరిశోధన చాలు. పురిటినొప్పులను, జ్వరాన్ని, సిగ్గును, అనుమానాన్ని ఆనాటి పల్నాటి స్త్రీ, తీరప్రాంతపు స్త్రీ, మాలపల్లి స్త్రీ ఏ మాటలతో చెప్పుకొన్నారు? ఆ మాటలు కొత్తగా వచ్చిన వైద్యురాలికి ఎవరి నోటిమీదుగా చేరాయి? ఒక్క చిన్న గది, ఇద్దరు స్త్రీలు, మధ్యలో ఒక దుబాసీ ఉంటే దృశ్యం పూర్తవుతుంది. అర్థం కావడానికీ కాకపోవడానికీ మధ్య జరిగే ఆ సంభాషణలో వైద్యురాలూ రోగీ సమానంగా కనబడతారు.

కాలాన్నీ ఈ పద్ధతిలోనే వినిపించవచ్చు. గ్లోరీ వచ్చిన మరుసటి సంవత్సరమే గుంటూరు మండలంలో చీరాల–పేరాల ఉద్యమం, ఆ వెంటనే పెదనందిపాడు పన్నుల నిరాకరణ జరిగాయి. ఊరేగింపులను చిత్రించే స్తోమత లేని చిత్రం వాటిని వైద్యశాల అరుగు మీది మాటల్లో వినిపించగలదు. భర్త జైలులో ఉన్న స్త్రీ ఒకతె విదేశీ వైద్యురాలి ముందు కూర్చొని ఉండడం చాలు. పోలీసు లాఠీ చూపకుండానే ఆ కాలపు సంక్లిష్టత ప్రేక్షకుడికి అందుతుంది. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' ఆ ప్రాంతపు వ్యవహారభాషకు, కులసంబంధాల తీరుకు సాహిత్యాధారంగా ఉండనే ఉంది. ఉన్నవ దంపతులు స్త్రీల కోసం గుంటూరులో శారదానికేతనాన్ని స్థాపించినదీ ఆ రోజులలోనే. మఠకన్య సేవను ఒంటరి వెలుగుగా కాక, అదే ఊరిలో అదే కాలంలో స్త్రీల కోసం జరిగిన తక్కిన ప్రయత్నాల పక్కన నిలిపి చూపడానికి ఈ సమాచారం తోడ్పడుతుంది.

ఇక అనుమతి. గ్లోరీ కథలో నిషేధం రెండు వైపులా ఉంది. మఠకన్య వైద్యం చేయరాదన్నది శ్రీసభ నియమం. స్త్రీ పరపురుషుడైన వైద్యుడికి కనబడరాదన్నది ఇక్కడి అనేక కుటుంబాల నియమం. రోమ్ నుండి ఒకరికి రావలసిన అనుమతి, ఇంటి మగవారి నుండి మరొకరికి రావలసిన అనుమతి, రెండూ కలిసినప్పుడే ఆ చిన్న గదిలో పరీక్ష జరుగుతుంది. చిత్రానికి కావలసిన సంఘర్షణ, చరిత్ర, కరుణ మూడూ ఆ గది గడప దగ్గర ఉన్నాయి. గడపను చిత్రించడానికి పెద్ద వ్యయం అక్కరలేదు.

ముగింపు

మఠకన్యల జీవితచరిత్ర చిత్రాలలో నిర్మాణపేదరికం దానంతట అది గుణమూ కాదు, దోషమూ కాదు. 'తెరేజ్'లో అది గుణమైంది. ఆ మఠకన్య మార్గం లోపలికి సాగింది, ఆమె స్మృతి మీద పేరుకొన్న మెరుగులను తొలగించవలసిన అవసరమూ ఉంది. 'విజన్'లో రాతిగోడ ఉండితీరాలి. హిల్డెగార్డ్ దాటినది ఆ గోడనే. గుంటూరు మఠకన్య విషయంలో ఉండితీరవలసినది ఎదుటి స్త్రీ గొంతు. దాన్ని వదిలితే మిగిలేది మరొక భక్తచిత్రం, లేదా మరొక దొరసాని కథ.

చారిత్రక చిత్రాన్ని పరిశీలించే విమర్శ ఇకమీదట ఎంత ఖర్చయిందని కాక, దేన్ని వదలకుండా నిలుపుకొన్నారని అడగవలసి ఉంది. ఆ ప్రశ్నకు సమాధానం తయారుచేయడంలో సాహిత్యపరిశోధకుల పాత్ర చిన్నది కాదు. వందేళ్లనాటి రోగిష్టి స్త్రీ తన బాధను చెప్పుకొన్న మాటలు ఏ సెట్టులోనూ దొరకవు. అవి నవలలలో, ఉత్తరాలలో, మాండలికసేకరణలలో, ముసలివారి జ్ఞాపకాలలో ఉన్నాయి. వాటిని వెదికి ఇవ్వడం తెలుగు పరిశోధన చేయవలసిన పని.